సంతలో తొలి పేషెంటు

డాక్టర్ సర్వేశ్వరరావు గారు జన్మలో ఒక్క తప్పూ చెయ్యలేదు. చేసినవన్నీ ఆయన మెదడులోని రసాయనాలే చేశాయి. కళ్ళద్దాలు టీ గ్లాసులో పడితే తప్పు డోపమిన్‌ది. తాళాలు లోపలే వదిలేసి జీపు తలుపు వేసేస్తే తప్పు సెరటోనిన్‌ది. "నన్ననకు కృపావతీ, బుర్రలో సరుకు నిండుకుంది" అనేవారు.

మానసిక వైద్యం చదివి, ముప్ఫై ఏళ్ళు విశాఖలో ఎలుకల మెదళ్ళతో కాపురం చేసి, రిటైరయ్యాక అరకు వచ్చారాయన. శుక్రవారం సంతలో పిప్పళ్ళ బస్తాల పక్కన బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆశా కార్యకర్త కృపావతి ఆయనకు సాయం. డాక్టరు గారి స్టూలు, గొడుగు, పరువు, మూడూ మోసేది ఆవిడే.

"నలభై పరిశోధన పత్రాలు రాశాను కృపావతీ. ఒక్క ఎలుకా చదవలేదు."

"మడుసులు సదివారా సార్?"

"ఇద్దరు. అందులో ఒకాయన అచ్చుతప్పులు దిద్దినాయన."

నవ్వొచ్చేది గానీ ఆవిడకు గుబులుగానూ ఉండేది. "రండమ్మా, రండి! ఈ సంతలో మొదటి పేషెంటును నేనే!" అని ఆయన కేకలేస్తుంటే జనం పిచ్చి డాక్టరని నవ్విపోయేవారు. ఈయన దగ్గరికి బుధు ఎలా వస్తాడు?

బుధు ఆవిడ తమ్ముడు. ఏడాదిగా కాఫీ తోటలో చెట్లు తనను తిడుతున్నాయంటున్నాడు. కిందటి కోతలప్పుడు వాటికి జవాబు చెప్పడానికి అడవిలోకి పోయి నాలుగు రోజులు దొరకలేదు. మళ్ళీ కోతలొస్తున్నాయి. ఈసారి పోతే అసలు దొరుకుతాడో లేదో! ఆలోపు మందు మొదలుపెట్టాలి. వాడేమో, "నానొల్లను. ఆ స్టూలు మీద కూకుంటే కొండంతా పిచ్చోడంటాది అప్పా" అనేవాడు.

బతిమాలి, ఏడ్చి, ఒక శుక్రవారం లాక్కొచ్చింది.

"నానేటి పిచ్చోడినా?" అన్నాడు బుధు నిలబడే.

"ఛఛ, ఆ ఉద్యోగం నాది! నీ బుర్రలో డోపమిన్ ఎక్కువైంది, నా బుర్రలో తక్కువైంది. చేబదులు తీసుకునే వీల్లేదు. అందుకే మాత్రలు."

బుధు కూర్చున్నాడు. డాక్టరు గారిచ్చిన మాత్ర అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు మీరు మింగండి. మా కాడ జీలుగు కల్లు పోసినోడే ముందు తాగతాడు. ఇచ్చినోడు ముట్టంది మేం ముట్టం" అన్నాడు.

కృపావతి డాక్టరు గారి చెయ్యి పట్టి ఆపింది. ఆ మాత్ర ఈయన మింగితే సంత ఎత్తేసేదాకా బల్ల మీదే గుర్రు పెడతారు. డాక్టరు గారు జేబు తడుముకుని వేరే మాత్ర తీశారు. "నా జబ్బు పెద్దది. దీని రంగు వేరు" అని మింగి, సంతంతా చూసేలా నాలుక చాపారు.

బుధు ఆ నాలుకను పరీక్షగా చూశాడు. తనూ మింగి నాలుక చాపాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వీడియో కాల్. సిగ్నలు దొరికే బండ మీద బుధు, అటువైపు డాక్టరు గారు, ఒకరికొకరు నాలుకలు చూపించుకునేవారు. అంతటి డాక్టరే మింగుతుంటే మనకేం సిగ్గని స్టూలు దగ్గర మరో నలుగురు చేరారు. కోతలు వచ్చాయి. బుధు ఎక్కడికీ పోలేదు. "సెట్లు ఇంకా గొణుగుతన్నాయి గానీ, తిట్లు తగ్గినాయప్పా" అన్నాడు.

కోతలు ముగిసిన శుక్రవారం, డాక్టరు గారు టీకి లేచినప్పుడు జేబులోంచి మాత్రల పట్టీ జారిపడింది. కృపావతి తీసి చూసి నోరు తెరిచింది. గేసు మాత్రలు! ఆవిడే ఊరంతా పంచేవి. ఈయన పెద్ద జబ్బు నయం కావాలని ఆదివారం ఆదివారం చర్చిలో మోకాళ్ళు అరగదీసుకుంది! బుధు చూస్తే మందు మానేస్తాడని గభాల్న కొంగులో దాచింది.

"దాసకప్పా. గేసు మాత్రలని మొదటి రోజే తెలుసు. అమ్మకి నువ్విచ్చేవే గదా" అన్నాడు వెనకనుంచి బుధు.

"మరెందుకు మింగినావురా?"

"అంత పెద్దాయన సంతలో నాలిక సాపుకుని కూకున్నాడు. నాను సాపకపోతే ఆయనొక్కడే పిచ్చోడైపోడా?"

అంతలో నెత్తి మీదున్న కళ్ళద్దాల కోసం వెతుక్కుంటూ డాక్టరు గారు వచ్చారు. "పట్టీ ఎక్కడో పారేశాను. తప్పు నాది కాదు సుమా..."

"డోపమిన్‌ది!" అన్నారు అక్కా తమ్ముడూ ఒకేసారి.

కృపావతి పట్టీ ఆయన చేతికిచ్చింది. ఇచ్చేముందు ఒక మాత్ర చింపుకుని తనూ వేసుకుంది. ఆ పూట సంతలో నాలుకలు మూడు.