ఎడమ పక్క డబ్బా

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు; హోటల్లో నన్ను దాటి పక్కవాడికి ముందు చాయ్ ఇచ్చినా చాలు. వచ్చిన కోపం పోయేది కూడా కాదు. మిగతావాళ్లు ఫొటోలు దాచుకున్నట్టు నేను అవమానాలు దాచుకునేవాణ్ణి, ఏది ఎప్పుడు ఎవరి ఎదుట జరిగిందో వివరాలతో సహా. (మూడో తరగతిలో నా బలపం విరిచి "నేను గాదు" అన్నవాడు ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో కిరాణా హోల్‌సేలు చేస్తున్నాడు. వాడి దుకాణంలో నేను ఇంతవరకు ఒక్క లవంగం కొనలేదు.) ఇలాంటివాడి చేతికి క్రెడిట్ కార్డు ఇవ్వడమంటే టపాకాయల దుకాణంలో బీడీ వెలిగించుకోమన్నట్టే. కానీ ఇచ్చారు.

అప్పుడు నేను ఆబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఆడవాళ్లు చీర కొంగు పట్టుకొచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీసివ్వడం నా పని. దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద ఒక రంగుల గొడుగు కింద టై కట్టుకున్న ఒకాయన నిలబడి, ఫారం నింపినవాళ్లకు కార్డుతో పాటు నీళ్ల సీసా ఊరికే ఇస్తున్నాడు. నేను సీసా కోసమే నింపాను. పదిహేను రోజులకు కార్డు వచ్చింది. సీసా మాత్రం మొదటిరోజే కారింది. దాని మీద నేను రాసిన మొదటి అర్జీకి జవాబు ఇప్పటికీ రాలేదు.

కార్డు మీద నేనేం కొన్నానని మీరు అడగొచ్చు. మా పక్కింటి ఆంటీని అమ్మ ఒకసారి దోశపిండి గిన్నె వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టమని అడిగితే "మా దాంట్ల జాగ లేదమ్మా" అన్నది. వారం తిరిగేసరికి మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది, ఆమె దానికన్నా ఇరవై లీటర్లు పెద్దది. మా దుకాణం సేటు తమ్ముడు నా చెప్పులకేసి ఒకసారి అదోరకంగా చూశాడు, బూట్లు వచ్చాయి. ఇక మా బావ. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా. ఒక ఆదివారం హోటల్లో అందరి ముందు "బామ్మర్దీ, బిల్లు రాంగనే నీకు చెయ్యి కడుక్కునుడు యాదికొస్తది గదా" అన్నాడు. మా అక్క కూడా నవ్వింది. మళ్లీ ఆదివారం వాళ్ల ఇంటిల్లిపాదినీ, పైన కిరాయికుండేవాళ్లతో సహా పదకొండు మందిని తీసుకుపోయి బిర్యానీ తినిపించి, వెయిటర్ తెచ్చిన మిషన్ మీద కార్డు గీకాను. బావ రెండోసారి ఖుబానీ కా మీఠా కూడా తెప్పించుకున్నాడు. వేరేవాళ్ల స్టేట్‌మెంటులో ఖర్చులుంటాయి. నా దాంట్లో అవమానాలుండేవి, తారీఖుల వారీగా.

తర్వాత రోజులు తిరగబడ్డాయి. సేటు, తమ్ముడు వాటాల దగ్గర కొట్లాడుకుని దుకాణానికి తాళం వేశారు. అదే నెలలో అమ్మ బాత్‌రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. దవాఖాన మందులకు కార్డే, కూరగాయలకు కార్డే. కనీసం కట్టాల్సింది కడుతూ పోతే అప్పు తరగకపోగా దర్జాగా పెరుగుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఫోన్లు మొదలయ్యాయి. వసూలు ఆఫీసు నుంచి రోజూ ఒకే మనిషి చేసేవాడు, మర్యాదస్తుడు. అతను డబ్బు సంగతి ఎత్తగానే నేను సీసా సంగతి ఎత్తేవాణ్ణి: ఎట్లా కారింది, ఎన్ని అర్జీలు పెట్టాను, ఎవరు పట్టించుకోలేదు. రెండు నెలలకు అతనే అలసిపోయాడు.

"సార్, మీకు సెటిల్‌మెంట్ ఇప్పిస్త. మూడు వాయిదాలల్ల కడ్తే వడ్డీ మాఫ్. జర గా సీసా ముచ్చట మాత్రం ఆపున్రి సార్."

కాగితం వచ్చింది. మూడింటిలో ఏ ఒక్క వాయిదా తప్పినా పాత వడ్డీ అంతా తిరిగి నెత్తికెక్కుతుందని కింద సన్న అక్షరాల్లో ఉంది. ఈ సంగతి అక్క ద్వారా బావకు చేరింది. "ఫికర్ చెయ్యకు బామ్మర్దీ, కట్టలేకపోతే నేను కడ్త" అన్నాడు ఫోనులో, ఎంతో ప్రేమగా. "గని ఇంటికొచ్చి, అందరి ముందల, నోరు తెరిచి అడగాలె." ఆ మాట విన్న రాత్రి నేను నిశ్చయించుకున్నాను: పస్తులైనా ఉంటాను కానీ ఆ ఇంట్లో నోరు తెరవను.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిజిస్టరు రాసే ఉద్యోగం దొరికింది. నా దస్తూరీ బాగుంటుంది. అర్జీలు రాసీ రాసీ కుదిరింది. ఉన్న ఒక్క స్కూటర్ అమ్మాను. పక్కింటి ఆంటీ దానికన్నా ఇరవై లీటర్లు పెద్ద ఫ్రిజ్‌ను ఆంటీ తమ్ముడికే అమ్మాల్సి వచ్చింది. (ఆమె ఆ రోజు అమ్మతో "మీకు జాగ కలిసొచ్చింది" అన్నది. రాసిపెట్టుకున్నాను.) లాడ్జి నుంచి ఆబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీలో బ్యాంకు దాకా నడక. లాడ్జి డబ్బు బ్యాంకులో కట్టే పని ప్రతి సోమవారం నాదే. నాకు కార్డిచ్చిందీ ఆ బ్యాంకే, నా ఖాతా ఉన్నదీ ఆ బ్రాంచిలోనే.

ఆ బ్రాంచిలో తలుపు పక్కన గోడకు రెండు రేకు డబ్బాలు ఉండేవి. కుడి పక్కది చెక్కులు వేసేది. ఎడమ పక్కది ఫిర్యాదులు వేసేది. వాటి కింద రాసుకునే బల్ల, బల్లకు దారంతో కట్టిన ఒక పెన్ను. ఎడమ డబ్బాను ఆ ఊళ్లో నాకన్నా ఎక్కువ వాడినవాళ్లు లేరు. కౌంటర్‌లో ఆలస్యమైతే ఒకటి, చిల్లర లేదంటే ఒకటి. ఒక్కదానికీ జవాబు రాలేదు. రాకపోవడం మీద ఇంకొకటి వేశాను.

రెండు వాయిదాలు కట్టాను. మూడోది, ఆఖరుది, ఎనిమిదో తారీఖు లోపల డబ్బాలో పడాలి. ఎనిమిది నాడే పోయాను. అంటే భయం లేక కాదు. జీతం ఏడున వచ్చింది. ఖాతాలో డబ్బు వేసి, చెక్కుల పుస్తకంలో మిగిలిన ఒకే ఒక్క చెక్కు రాద్దామని బల్ల దగ్గర నిలబడితే దారానికున్న పెన్ను రాయదు. రీఫిల్ ఖాళీ. అంతకు ముందు నాలుగు వారాల నుంచీ అంతే. నా జేబులో పెన్ను తీసి చెక్కు రాసి లాడ్జి కవరులో పెట్టాను. అదే ఊపులో, అదే పెన్నుతో, పెన్ను మీద ఒక అర్జీ రాసి ఇంకో లాడ్జి కవరులో పెట్టాను. రెండూ ఒకే తీరు గోధుమరంగు కవర్లు. చెవులు వేడెక్కి ఉన్నాయి. రెండు డబ్బాల్లో రెండు కవర్లు వేసి, అప్పు తీరిపోయిన మనిషిలా నడుచుకుంటూ వచ్చి, చాలా రోజుల తర్వాత ఒక ఉస్మానియా బిస్కట్ కూడా తిన్నాను.

పదో తారీఖు పొద్దున వసూలు మనిషి ఫోను.

"సార్, మీ చెక్కు రాలే."

"ఎట్ల రాదు? మొన్ననే ఏసిన."

"చెక్కు రాలే సార్. మీ కాయితం వచ్చింది."

"ఏం కాయితం?"

"పెన్నుకు రీఫిల్ లేదని రాసిన్రు గదా సార్. చెక్కుల కట్టల ఉండె. మా ఆఫీసుల అందరం చదివినం."

కాగితం చెక్కుల డబ్బాలోంచి పోయిందంటే చెక్కు ఎక్కడుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. ఆ డబ్బాను ఇన్నాళ్లలో ఎవరూ తెరవలేదని అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేనే.

"ఇయ్యాల కొత్తది ఏస్తే లేటు కిందనే లెక్క సార్," అన్నాడతను మెల్లగా. "గా చెక్కు ఎనిమిది నాడే మీ బ్రాంచిల పడ్డదని మేనేజర్ రాసిస్తే సాయంత్రం దాకా ఫైలు ఆపుత. అంతకంటే నా చేతుల లేదు."

నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీకి ఆ రోజు నేను నడిచానో ఉరికానో తెలియదు. దారి పొడుగునా మా బావ సోఫాలో కాలు మీద కాలేసుకుని, "ఆఁ, చెప్పు బామ్మర్దీ, జర జోరుగ చెప్పు" అంటున్నట్టే ఉంది.

మేనేజరు గుంటూరు వైపు మనిషి. అంతా విని, నోట్లో వక్కపొడి ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నాడు. "చూడండి, ఫిర్యాదుల పెట్టె అలా ఎవరు పడితే వాళ్లు అడిగితే తెరవరండి. దానికో పద్ధతుంది. మీరు రాతపూర్వకంగా కోరాలి."

"ఇప్పుడే రాసిస్త సార్. ఎవరికియ్యాలె?"

ఆయన ఒక క్షణం ఆలోచించాడు. "ఆ పెట్టెలోనే వేయాలండి."

తలుపు దగ్గర కాపలా ఉండే తుపాకీ తాత (ఆ తుపాకీ పేలుతుందని నేనెప్పుడూ నమ్మలేదు) గట్టిగా నవ్వి లోపలికొచ్చాడు. "సార్, గా డబ్బా తాళంచెవి ఎన్నడో పోయింది. ఎనక నాలుగు స్క్రూలున్నయ్, నేనిప్పుత. గీ అన్న తప్ప దాంట్ల ఎవ్వలు ఎయ్యరు. ఈయన రాసుడు, నేను చూసుడు, గింతే."

తాత జేబులోంచి చిన్న కత్తి తీసి స్క్రూలు విప్పాడు. హాలులో లైన్లో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. వెనక రేకు ఊడగానే గోధుమరంగు కవర్లు బల్ల మీద కుప్పగా పడ్డాయి. అన్నీ లాడ్జివే. వాటితో పాటు ఒక బస్సు టికెట్టు, ఒక చాక్లెట్ కాగితం, మడిచిన ఒక పాత నోట్‌బుక్ పేజీ. అన్నింటికన్నా పైనున్న కవరులో నా చెక్కు. దాన్ని చూసి నేను సంతోషపడేలోపే మేనేజరు అన్నాడు, "ఉందండీ. కానీ ఎనిమిదినే వేశారని నేనెలా రాసేది? ఇవాళ పొద్దున వేసి ఉండొచ్చుగా."

వసూలు మనిషికి ఫోను కలిపి స్పీకరులో పెట్టాను. అతను చెప్పాడు: "ఎనిమిది నాటి ముద్ర ఉంది సార్ ఈయన కాయితం మీద. మీ బ్రాంచి ముద్రనే. చెక్కుల డబ్బాల వచ్చినయ్ అన్నిటికి ఏస్తరు గదా. చెక్కు మాట గూడ దాంట్లనే ఉంది, సదువుతున్న." నేను ఆపేలోపే మొదలుపెట్టాడు. "'అయ్యా, మీ బల్ల మీది పెన్నుకు దారమున్నది, రీఫిల్ లేదు. మేనేజరు గారికి గదిలో ఫ్యాను, కుర్చీకి తువ్వాలు, నోట్లో వక్కపొడి ఉన్నంతకాలం బయటి జనం అవస్థ ఆయనకు పట్టదు...'"

మేనేజరు నమలడం ఆపాడు. నేను ఫ్యానుకేసి చూస్తూ నిలబడ్డాను. ఫోనులో గొంతు మాత్రం ఆగలేదు, అతనికి అది నచ్చినట్టుంది. "'...ఈ అర్జీతో పాటే నా ఆఖరు వాయిదా చెక్కు కూడా పక్క డబ్బాలో వేస్తున్నాను. దాన్నయినా ఎవరైనా తీస్తారో లేదో చూస్తాను.' గంతే సార్. ముద్ర, తారీఖు సాఫ్‌గ ఉన్నయ్."

మేనేజరు కాదంటే కాదన్నట్టే. బావ ఇంటికి బస్సు పట్టుకోవాల్సిందే. ఇన్నాళ్లు ఎవరూ చదవలేదని ఏడ్చిన నా అర్జీల్లో ఒకదాన్ని మొదటిసారి వినాల్సిన మనిషే విన్నాడు, అదీ నా గొంతు మీద కత్తి ఉన్నప్పుడు.

ఆయన ముఖం తిప్పుకోవడానికన్నట్టు కుప్పలోంచి ఆ నోట్‌బుక్ పేజీ తీసి విప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. మెల్లగా ఆయన భుజాలు ఊగడం మొదలైంది. "ఇది మీది కాదండి. ఇది మీ మీద." అని పైకి చదివాడు:

"'ప్రతి సోమవారం ఒకాయన వచ్చి అరగంట బల్ల దగ్గర్నుంచి కదలడు. పెన్ను ఆయన చేతిలోనే ఉంటది. పేజీలకు పేజీలు రాస్తడు. రీఫిల్ అయిపోవుడుకు ఆయననే కారణం. చర్య తీసుకోగలరు.'"

ముందు తాత నవ్వాడు. తర్వాత లైను నవ్వింది. ఫోనులోంచి కూడా నవ్వు వినిపించింది. మేనేజరు కళ్లు తుడుచుకుని, బల్ల మీది పెన్ను అలవాటుగా అందుకుని, అది రాయక, నాకేసి చెయ్యి చాపాడు. "మీ పెన్ను ఇలా ఇవ్వండి." చెక్కు ఎనిమిదో తారీఖునే బ్రాంచిలో పడిందని నా పెన్నుతోనే రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. తాతను పిలిచి "రెండు ఫిర్యాదుల మీదా చర్య తీసుకుందాం. రీఫిల్ తెప్పించు. ఈయన్ని సొంత పెన్ను తెచ్చుకోమను" అన్నాడు.

నెల తిరక్కుండా బాకీ లేదన్న కాగితం వచ్చింది. దానికి లామినేషన్ చేయించి బావ ఇంటికి పట్టుకుపోయాను, అందరూ ఉండే వేళ చూసి. బావ దాన్ని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "మంచిగుంది. లామినేషన్‌కు ఎంతయింది? కార్డు మీద చేయించినవా?" అన్నాడు. (ఇదీ రాసిపెట్టుకున్నాను. అయినా ఆ రోజు అన్నం అక్కడే తిన్నాను.)

మళ్లీ సోమవారం బ్యాంకుకు పోతే దారానికి కొత్త పెన్ను ఉంది. నీలం సిరా, జారుకుంటూ పోతోంది. నా అర్జీకి జీవితంలో మొదటిసారి జరిగిన న్యాయం. ఆ పెన్నుతోనే, రెండు ముక్కల్లో మాత్రమే, మేనేజరు గారికి కృతజ్ఞతలు రాశాను. రాశాక చూస్తే ఉన్నవి రెండే డబ్బాలు: ఒకటి చెక్కులది, ఒకటి ఫిర్యాదులది. ధన్యవాదాలకు డబ్బా లేదు. కాసేపు నిలబడి, పేర్లు రెండుసార్లు చదువుకుని, ఎడమ దాంట్లోనే వేశాను. తాత స్క్రూలు మళ్లీ గట్టిగా బిగించి పెట్టాడు కనుక దాన్ని ఎవరూ చదివి ఉండరు.

ఇప్పుడు బిల్లులన్నీ ఫోనులో బొటనవేలితో కట్టేస్తున్నాను. ఆ బ్రాంచికి అద్దాలు బిగించారు. డబ్బాలు లేవు, బల్ల లేదు, దారం లేదు. అటు పోయినప్పుడల్లా అద్దంలోంచి లోపలికి చూస్తాను. నా మీద ఆ పేజీ రాసిందెవరో ఇప్పటికీ తెలియలేదు. చాలా ఏళ్లు లైన్లో నిలబడ్డ ప్రతి మొహాన్నీ అనుమానించాను. ఇప్పుడా పట్టుదల తగ్గి, వేరే సంగతి తోస్తోంది. ఆ రోజుల్లో, నన్నెవరూ పట్టించుకోవడం లేదని నేను ఊరంతటి మీదా అర్జీలు పెడుతున్న రోజుల్లో, ఎవరో ఒకరు ప్రతి సోమవారం అరగంటసేపు నన్నే చూస్తూ నిలబడ్డారు. వాళ్లు కనిపిస్తే ఒక పెన్ను కొనిద్దామని ఉంది. ముందు మాత్రం సంజాయిషీ అడుగుతాను.