తల తిప్పుకునే ఆవిడ

వ్యాసర్పాడి బడిపిల్లల కోసం చందాలు పోగుచేసే మా బృందానికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ఎవరికి ఏది కనబడాలో నిర్ణయించే పని నాది. డబ్బా పట్టుకుని ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగిన పెద్దావిడకు, గౌరవం కొద్దీ, ఎవరెంత ఇచ్చారో చూపే జాబితా కూడా ఆవిడ ఫోనులో తెరిచి ఇచ్చాను. ఆవిడ ఫోను తిరిగి నా చేతిలో పెట్టింది.

“ఇది నాకు కనపడకుండా చెయ్యి నాయనా. జనం డబ్బాలో ఏసేటప్పుడు ఇన్నేళ్లూ తల అట్లా తిప్పుకునేదాన్ని. ఎవురెంత ఇచ్చినారో తెలిస్తే, రేపు పెళ్లిలో ఎదురుపడినప్పుడు నా మొకం మారిపోతుంది.”

ఆ జాబితాకు ఆవిడ పేరు ఎదురుగా ఉన్న టిక్కు తీసేశాను.

ఆ పొద్దునే నేను అదే జాబితాలో మా పైఫ్లాటాయన పేరు వెతికి మరీ ఎంతిచ్చారో చూశాను. తర్వాత లిఫ్టులో ఆయన నవ్వుతూ పలకరిస్తే, ముక్తసరిగా తలూపి వచ్చాను.