బెలూన్ల కింద ఇచ్చిన మాట

నలుగురిని నవ్వించేవాడికి భయం ఉండదని చాలామంది అనుకుంటారు. మా క్యాంపులో నా అంత పిరికివాడు ఇంకొకడు లేడు. భయం వేస్తే కొందరికి నోరు ఎండిపోతుంది, నాకు జోకులు వస్తాయి. ఆ ఏడాది నేను వేసినన్ని జోకులు జన్మలో ఎప్పుడూ వేయలేదు.

తొంభైల చివర, చమురు ధర పడిపోయిన ఏడాది అది. దోహాలో మేం కడుతున్న బిల్డింగులు మూడో అంతస్తు దగ్గర ఒకటి, అయిదో అంతస్తు దగ్గర ఒకటి ఆగిపోయాయి. నాది సెంట్రింగ్ పని. స్లాబు వేయడమే ఆగిపోతే దాని కింద చెక్కలు కొట్టేవాడితో ఎవరికి పని? అల్ రయ్యాన్ దాటాక ఉండేది మా క్యాంపు. ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున మెస్ గోడకి ఒక కాగితం అంటించేవారు. అందులో పేరున్నవాడు సామాను కట్టుకుని ఇంటికి పోవాలి. నేను అయిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లిష్‌లో నా పేరు తప్ప ఇంకేదీ గుర్తుపట్టలేను. ఆ ఒక్క పేరు కోసం కాగితమంతా పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి వెతికేవాణ్ణి. లేదని తేలాక, "నా పేరు రాసుడు వాళ్ళకు గూడ వస్తలేదనుకుంట," అనేవాణ్ణి. వెనకనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక నేను మళ్ళీ ఒకసారి వెతికి చూసేవాణ్ణి.

అదే రోజుల్లో ఇంటి నుంచి ఇంకో కబురు వచ్చింది. మా ఊళ్ళో సర్కారు బడి పదో తరగతి దాకా ఉండేది. ఖజానాలో డబ్బు లేదని, రిటైరైన సార్ల జాగాలో కొత్తవాళ్ళను వేయడం మానేశారు. లెక్కల సారు రిటైరై వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఏకంగా తొమ్మిది, పది తరగతులు ఎత్తేసి, పన్నెండు కిలోమీటర్ల అవతల మండలంలో ఉన్న బడిలో కలుపుతారట. నా బిడ్డ అప్పుడే ఎనిమిది ముగించింది. బస్సు లేని దారిలో అంతదూరం ఆడపిల్లను పంపేవాళ్ళు మా ఊళ్ళో లేరు. బడి మానిన ఆడపిల్ల ఒళ్ళోకి మా వైపు బీడీలు చుట్టే చాట వచ్చి కూర్చుంటుంది. నా భార్య ఒళ్ళోకి పన్నెండేళ్ళకే వచ్చింది.

"జూన్ సంది ఇద్దరం చేస్తం తియ్యి," అంది ఆమె ఫోన్లో. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాణ్ణి. ఏడవలేదు.

సరిగ్గా అప్పుడే మా ఎమ్మెల్యే ఖతార్ వచ్చాడు. ఆయన్ని పిలిచింది మా ఆఫీసు సారు. కృష్ణా జిల్లా మనిషి, అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆ రోజే ప్రార్థనకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళే క్రైస్తవుడు, గొంతు పెంచి మాట్లాడడం ఎరగడు. కానీ మెస్ గోడ మీది కాగితం టైపు చేసేది ఆయనే కాబట్టి క్యాంపులో అందరం ఆయన చెప్పుల చప్పుడుకే సర్దుకుని కూర్చునేవాళ్ళం. ఎమ్మెల్యే రాకకు హాలు నిండాలి కదా, ఎమ్మెల్యే జిల్లా వాళ్ళమని ఆఫీసు సారు మమ్మల్ని కంపెనీ బస్సులో ఎక్కించాడు. బిర్యానీ ఉందన్నారు. బస్సు కదిలే ముందు ఆఫీసు సారు మెట్టు మీద నిలబడ్డాడు.

"అందరూ వినండి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే మా బాబు బర్త్‌డే పార్టీకి వెళ్తున్నాం. మీటింగ్ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఇక్కడ పర్మిషన్ లేకుండా సభ పెడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. ఆయన్ని ఎవరూ ఏమీ అడక్కూడదు. అడిగినవాడి పేరు నాకు గుర్తుండిపోతుంది."

"సార్, బాబుకు గిఫ్ట్ తేలే గద. లోపలికి రానిస్తరా?" అన్నాను.

బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ముఖ్యంగా నువ్వు," అన్నాడు.

అల్ తుమామాలో ఆయన ఇల్లు. నిజంగానే బెలూన్లు కట్టారు, బల్ల మీద కేకు పెట్టారు, కేకు మీద బాబు పేరు కూడా ఉంది. ఆ బాబేమో లోపలి గదిలో జ్వరంతో పడుకుని ఉన్నాడట. ఎర్ర, పసుపు బెలూన్ల కింద తెల్ల ఖద్దరులో మా ఎమ్మెల్యే. నేను చంకలో టేప్ రికార్డర్ తీసుకెళ్ళాను. మా రూములో రాయడం రానివాళ్ళంతా ఇంటికి కాసెట్ మీద మాట్లాడి పంపేవాళ్ళు. మొదట్లో ఏం మాట్లాడాలో తోచక దగ్గుతూ కూర్చునేవాళ్ళకు నాలుగు మాటలు అందించేది నేనే. ఎమ్మెల్యే గొంతు కాస్త పట్టి పంపితే ఇంట్లో వింతగా వింటారు కదా అనుకున్నాను. అంతకు మించి ఆలోచన లేదు. ఆఫీసు సారు అడిగితే, "బర్త్‌డే పాట పట్టుకుంట సార్," అని కేకు బల్ల అంచున పెట్టి మీట నొక్కాను.

ఆయన మా చెమట గొప్పదన్నాడు, మా త్యాగం గొప్పదన్నాడు. కాసేపటికి ఆయనకే విసుగొచ్చినట్టుంది, "మీల ఎవడో మస్తు నవ్విస్తడట గద, యాడున్నడు?" అన్నాడు. ఇరవై చేతులు నన్ను ముందుకు తోశాయి. మా ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని మమ్మల్ని తొందరపెడుతూ తానే మేకు మీద కాలేసిన కథ చేసి చూపించాను. ఎమ్మెల్యే కళ్ళు తుడుచుకున్నాడు.

"శభాష్! ఏం గావాల్నో అడుగు తమ్మీ!"

ఆయన వెనక నిలబడ్డ ఆఫీసు సారు నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. భయం వేసిందంటే నాకేం వస్తుందో ముందే చెప్పాను కదా.

"నాకేం వద్దు సార్. మా ఊరి బడికి లెక్కల సారు గావాలె. నేను అయిదుల ఇడిసిపెట్టి ఈడ చెక్కలు గొడుతున్న. తొమ్మిది, పది తీసేస్తే నా బిడ్డ గూడ ఈడికే వస్తది. ఆమెకు వీసా మీరే పంపాలె మరి."

హాలు పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కుర్చీలో ముందుకు వంగాడు. "తమ్మీ, సర్కారు దగ్గర పైసల్లేవ్. యాడనో ఒకాడ కొయ్యాలె గద. పిల్లలు లేని బడిల కోస్తం. మీ బడిల పిల్లలు ఎందుకు లేరు? దుబాయ్ పైసలొచ్చినోళ్ళంత కాన్వెంట్లకు తోలిండ్రు. గీడున్నోళ్ళల్ల ఎంతమంది పిల్లలు సర్కారు బడిల ఉన్నరు? చేతులెత్తుండ్రి."

నవ్వు ఆగిపోయింది. నా పక్క మంచం కాకా నేల చూపులు చూశాడు. ఆయన కొడుకులిద్దరూ టై కట్టుకుని ఆటోలో వెళ్తారని మా రూములో అందరికీ తెలుసు. ఒక్క చెయ్యీ లేవలేదు. నాది లేచింది.

"నా బిడ్డ గా బడిలనే ఉన్నది సార్."

అందులో జోకు లేదు. నవ్వుదామని నోరు తెరిచినవాళ్ళు కూడా మూసేశారు. అలాంటి నిశ్శబ్దాన్ని రాజకీయాల్లో ఉన్న మనిషి ఎంతసేపు భరిస్తాడు? ఆయన లేచి నిలబడి, చెయ్యి పైకెత్తాడు.

"రాసుకో! జూన్ల బడి తెరిచేటాల్లకు మీ ఊర్ల లెక్కల సారుంటడు. పదో తరగతి యాడికీ పోదు. గట్ల గాకుంటే నన్ను మీ ఊర్లకు రానియ్యకుండ్రి. పొలిమేర్లనే ఆపుండ్రి!"

చప్పట్లు మోగాయి. కేకు కోశారు. తిరుగు బస్సులో, మమ్మల్ని క్యాంపులో దింపడానికి వచ్చిన ఆఫీసు సారు ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాకు ఆయన మెడ మాత్రమే కనబడింది. క్యాంపు వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాతి నెల మొదటి శనివారం కాగితంలో నా పేరు లేదు. కాకా పేరుంది. ఆయన పెట్టెలో సబ్బుల మధ్య ఆ కాసెట్ పెట్టి ఇంటికి పంపాను. నా భార్య ఒక్కతే వింటుందనుకున్నాను. అక్కడే తప్పు చేశాను. మా ఊళ్ళో దుబాయ్ నుంచి (గల్ఫ్‌లో ఏ దేశమైనా మావాళ్ళకు దుబాయే) వచ్చిన కాసెట్ ఇంటిది కాదు, వాడకట్టుది. అరుగు మీద పెట్టి అందరూ వినాల్సిందే. పైగా బీడీలు చుట్టే ఆడవాళ్ళకు చేతులకే పని, చెవులు ఖాళీ. పొద్దంతా అదే తిప్పి తిప్పి విన్నారట. ఎమ్మెల్యే ఎక్కడ దగ్గాడో కూడా వాళ్ళకు కంఠతా వచ్చేసింది.

జూన్ వచ్చింది, బడి తెరిచారు, లెక్కల సారు రాలేదు, తొమ్మిది, పది ఉంటాయో పోతాయో ఎవరూ చెప్పలేదు. జులైలో ఒక శుక్రవారం నేను కార్డు పట్టుకుని ఫోన్ బూత్‌కి వెళ్ళాను. అటువైపు ఊళ్ళో ఎస్టీడీ బూత్‌లో నా భార్య ఎప్పటిలాగే కూర్చుని ఉంది.

"ఆపినం," అంది.

"ఏంది ఆపింది?"

"జీపు. నిన్న ఎమ్మెల్యే వచ్చిండు, ఏదో శంకుస్థాపనకు. పొలిమేర్ల రోడ్డుకు అడ్డం కూసున్నం అందరం. స్టూలేసి దాని మీద నీ టేపు పెట్టినం. ఆయన గొంతు ఆయనకే ఇనిపిచ్చినం. రానియ్యకుండ్రి అన్నడు గద, రానియ్యలే."

"నా గొంతు గూడ ఉన్నది గదనే దాంట్ల!"

"ఉన్నది. మంచిగ ఇనొచ్చింది."

రిసీవరు చెవికి ఉండగానే లెక్క వేసుకున్నాను. ఖతార్‌లో పర్మిషన్ లేని మీటింగు, దాన్ని టేపు చేసింది నేను, ఆ టేపు నడిరోడ్డు మీద ఎమ్మెల్యే ముందు మోగింది. బర్త్‌డే పార్టీ అని చెప్పినవాడేమో నా పేరు కాగితం మీద టైపు చేయగలిగినవాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. ఆ తర్వాత నాలుగైదు రోజులు నేను ఏ ముద్ద తిన్నానో గుర్తులేదు. రూములో, "ఏందన్నా, జోకులు గిట్ట అమ్ముకున్నవా?" అని అడిగారు.

బుధవారం సైటు నుంచి ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆఫీసు సారు తలుపు వేసి, నన్ను కూర్చోమన్నాడు. ఆ గదిలో నన్నెవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు.

"ఏవిటయ్యా నువ్వు చేసిన పని? పాట అన్నావు కదా."

"పాటే సార్... నడుమల ఆయన మాటలు పడ్డయి."

"ఆయన ఫోన్ చేశాడు. ఇక్కడి పెద్దవాళ్ళకు చెప్తానంటున్నాడు. నువ్వొక్కడివే పోతావనుకుంటున్నావా? ఇంట్లో బెలూన్లు కట్టింది నేను." ఆయన గొంతు పెరగలేదు. ఏసీ గదిలో నుదుటి మీద చెమట మాత్రం నాకు కనబడింది. ఉద్యోగం పోతే హైదరాబాద్‌లో ఏదైనా దారి చూపిస్తాడనే ఆయన ఆ ఎమ్మెల్యేని పిలిచాడని నాకు తర్వాత తెలిసింది. రెండు నెలల తర్వాత కాగితంలో ఆయన పేరు వచ్చింది, తన చేత్తోనే టైపు చేసుకున్నాడు. కానీ ఆ బుధవారం నాకదేమీ తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడు నన్ను పంపించేవాడని మాత్రమే తెలుసు. "నేను కలుపుతాను. నువ్వు క్షమాపణ చెప్పు. ఇంకేమీ మాట్లాడకు, నీకు దండం పెడతాను," అంటూ నంబరు తిప్పాడు.

రిసీవరు నా చేతికిచ్చాడు. బెలూన్ల కింద విన్న గొంతే, ఈసారి నవ్వు లేదు.

"నువ్వేనారా? ఆడోళ్ళను రోడ్డు మీదికి తోలి నా ఇజ్జత్ తీస్తవా?"

"తప్పయింది సార్."

"నీ పెండ్లానికి చెప్పు, నోరు దగ్గర పెట్టుకోమను."

"చెప్త సార్. తప్పయింది సార్."

"ఇంకోసారి టేపు గీపు అన్నవో..."

"తప్పయింది సార్."

ఫోన్ పెట్టేశాడు. బడి మాట నేను ఎత్తనేలేదు. అడుగుదామని నాలుక చివరికి వచ్చింది నిజమే, ఆఫీసు సారు ముఖం చూసి మింగేశాను. ఆయన నా భుజం తట్టి, "మంచి పని చేశావు," అన్నాడు. బయటికి వచ్చి గోడ పక్కన నీడలో కూర్చుని వాంతి చేసుకున్నాను.

ఆ శుక్రవారం ఫోన్ చేయడానికి కాళ్ళు రాలేదు. చేయకపోతే ఏమయిందోనని వాళ్ళు భయపడతారని వెళ్ళాను. దారి పొడుగునా, నోరు మూసుకొమ్మని నా భార్యతో ఎట్లా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను.

"నిన్నేమన్న అన్నరా ఆడ?" ముందుగా ఆమే అడిగింది.

"ఎమ్మెల్యేకు ఫోన్ల తప్పయిందని చెప్పిన. మీరు గూడ ఇగ..."

"ఎప్పుడు చెప్పినవ్?"

"బుధారం."

"అయ్యో, లెక్కల సారు సోమారమే వచ్చిండు! వేరే ఊరి సంది, వారానికి మూడొద్దులు వచ్చి చెప్తడట. తొమ్మిది, పది ఈ ఏడాది యాడికీ పోవని హెడ్మాస్టరుకు కాయితం గూడ ఇచ్చిండ్రు. వచ్చే ఏడాది సంగతి తెల్వదు."

అంటే నేను చెమటలు కక్కుతూ ముమ్మారు తప్పయిందన్న రోజుకి ఎమ్మెల్యే తలొగ్గి రెండు రోజులయింది. తలొగ్గినందుకే ఆయనకంత కోపం. నాకు నవ్వు రావాలి. రాలేదు. ఈలోగా ఫోన్ నా బిడ్డ లాక్కుంది.

"బాపూ, నువ్వు భయపడ్డవా?"

రెండు జోకులు తయారుగా ఉన్నాయి. ఏదీ చెప్పబుద్ధి కాలేదు. "ఆఁ బిడ్డా. మస్తు భయపడ్డ."

"అమ్మ గూడ. జీపు ముంగట కూసున్నప్పుడు నా చెయ్యి ఇడవనే లేదు, గోర్లు దిగినయి." దూరంగా ఎవరో ఆమెను బడికి టైమయిందని పిలుస్తున్నారు. "బాపూ, సైన్స్ సారు గూడ లేడు. దానికి ఎవర్ని అడగాలె?"

బూత్ బయట నా వెనక నలుగురు వరుసలో ఉన్నారు, అందులో ఇద్దరు మా కంపెనీ వాళ్ళే. నేను గొంతు తగ్గించి, రిసీవరు చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఆయన్నే బిడ్డా," అన్నాను. "ఆయన్నే అడగాలె."