ఐదో పూస

స్టాటిస్టిక్స్ మాస్టారికి కాలేజీలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. బోర్డు మీద ఆయన చేత్తో గీసిన గ్రాఫు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుందని పేరు. ఆ ఏడాది మొదటి క్లాసులో ఎప్పటిలాగే గీస్తూ, "ఈ గీత ఇలా పైకెళ్లి, ఇక్కణ్నుంచి ఇలా దిగుతుంది" అన్నారు.

ముందు వరసలో, మడిచిన తెల్లకర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "ఇలా అంటే ఎలా సార్?"

క్లాసంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేకపోయారు. ఆ పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. క్లాసు కాగానే డిపార్ట్‌మెంట్ హెడ్డుగారి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పారు.

హెడ్డుగారు మాత్రం తేలిగ్గా తేల్చేశారు. "ఇంత హైరానా ఎందుకండీ? ఆ అమ్మాయికి గ్రాఫు ప్రశ్నలు వదిలేద్దాం. మిగతావాటి సగటున మార్కులు వేసేద్దాం."

మాస్టారు ఆ సంగతి చెప్పగానే పిల్ల మొహం ఎర్రబడింది. "రాయని ప్రశ్నకి మార్కులు నాకొద్దు సార్. నేర్పండి, రాస్తాను. తప్పితే తప్పుతాను."

ఆదివారమంతా కూర్చుని మాస్టారు అట్టముక్క మీద జిగురుతో పురికొస అంటించి గ్రాఫు తయారుచేశారు. సోమవారం ఆ పిల్ల దాన్ని తడిమి తడిమి, "అన్నీ ఒకేలా ఉన్నాయి సార్. ఏది గ్రాఫో, ఏది అంచో తెలియట్లేదు" అంది.

మాస్టారి భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "చాల్లెండి మీ జిగురు పని" అంటూ మందపాటి గుడ్డ తీసింది. అంచులకు లావు దారం, ప్రతి పదికీ ఒక ముడి, గీతకు సన్న దారం, విలువ ఉన్న ప్రతిచోటా ఒక పూస.

"ఇక మీరే కుట్టండి. నేనెన్నాళ్లని కుట్టిపెట్టను?"

ఆయన వేళ్లకు సూదిపోట్లు మిగిలాయి. వారం తిరిగేసరికి ఆ పిల్ల వేలు మాత్రం పూస నుంచి పూసకు పరుగెత్తింది.

ఏడాది చివరి పరీక్షనాడు, ప్రశ్నపత్రం బయటికి పొక్కకూడదు గనక, మాస్టారు పరీక్షల గదిలో తలుపేసుకుని, ప్రశ్నలో పట్టిక పక్కనున్న గ్రాఫుని ఒక్కరే కుట్టారు. పరీక్ష మొదలైన అరగంటకు కబురొచ్చింది. ఆదరాబాదరా వెళ్లారు. ఆ పిల్లకి ప్రశ్నలు చదివి, చెప్పింది రాసిపెట్టడానికి కూర్చున్న లైబ్రరీ ఆవిడ బిక్కమొహం వేసింది.

"పట్టికలో ఐదో విలువ నలభై రెండని చదివారు సార్. ఐదో పూసేమో ఇరవై నాలుగు దగ్గరుంది. ఏది నమ్మను?" అంది పిల్ల.

తొందరలో తప్పు కుట్టాననుకున్నారు మాస్టారు. అచ్చుకాగితం పక్కన పెట్టి గళ్లు లెక్కపెట్టారు. కుట్టు సరిగ్గానే ఉంది. అచ్చయిన గ్రాఫులోనే తప్పు! చూపున్న రెండొందల మంది అదే గ్రాఫు ముందేసుకుని కూర్చున్నారు, ఒక్కరికీ తట్టలేదు. పేపరు తయారుచేసిన హెడ్డుగారికీ తట్టలేదు.

హెడ్డుగారు స్వయంగా హాలు హాలుకీ తిరిగి, పట్టికే సరైనదని సవరణ చెప్పారు. చివరి హాల్లో ఎవరో "ఎవరు పట్టుకున్నారు సార్?" అని అడిగితే, తటపటాయిస్తూనే ఆ అమ్మాయి రోల్ నంబరు చదివారు.

"మా క్లాసే" అన్నారు వెనకాల నిలబడ్డ మాస్టారు, ఎవరూ అడక్కపోయినా. ఆ పూట ఆయన నడకే మారిపోయింది.

గ్రాఫు ప్రశ్నకి ఆ పిల్లకి పదికి తొమ్మిది వచ్చాయి. మార్కులు తెలిసిన మర్నాడే స్టాఫ్ రూముకి వచ్చి, కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది సార్?"

మాస్టారు మురిసిపోతూ జవాబుపత్రం తీశారు.