మబ్బు రోజున రాఫ్టింగ్

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. పదిమందిని పోగేసి ఎక్కడికైనా తీసుకెళ్తే చాలు, తిరిగొచ్చేసరికి వాళ్లంతా స్నేహితులైపోతారని. నల్లజర్ల మెరకలో, చేపల చెరువంటే తెలియకుండా పెరిగినవాణ్ణి, కైకలూరులో చేపల మేత కొట్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పగలంతా "ఏవండీ, లారీ వచ్చిందాండీ?" అని పలకరించేవాళ్లే. షట్టర్ దించాక మాత్రం గదిలో నేనూ, ఫ్యానూ. ఆదివారాలు మరీ ఘోరం. ఓ ఆదివారం నా గొంతు నేను మొదటిసారి విన్నది సాయంత్రం అయిదింటికి, హోటల్లో "ఇంకాస్త చట్నీ వేయండి" అన్నప్పుడు.

అలాంటి ఆదివారమే ఫోన్లో ఓ వీడియో చూశాను. కొండల్లో నది, రాళ్ల మీంచి దూకే నీళ్లు, రబ్బరు పడవలో ఆరుగురు ఒకళ్ల భుజాలు ఒకళ్లు పట్టుకుని కేకలు. నాకు నీళ్లు కనపడలేదండీ, ఆ భుజాలే కనపడ్డాయి. వెంటనే అక్కడికే రాఫ్టింగ్‌కి వెళ్దామని వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, కొట్టుకొచ్చే కుర్ర చెరువు రైతుల్ని పదకొండు మందిని చేర్చాను. నదిలో ఉరవడి ఉండేది వానల్లోనే కదా అని శ్రావణంలో ఓ ఆదివారం ఖాయం చేశాను. అందరూ బొటనవేళ్లు చూపించారు. వాళ్లలో ఒకాయన దేనికైనా "గ్యారంటీ అండీ" అంటాడు, అందుకని మా కొట్లో ఆయన పేరే గ్యారంటీ. ఆయనా "గ్యారంటీ అండీ" అన్నాడు. ఆ సంబరంలో నారింజరంగు లైఫ్ జాకెట్ కూడా తెప్పించుకున్నాను. (అవి అక్కడ వాళ్లే ఇస్తారట. ముందే ఎవరినైనా అడగొచ్చుగా అంటారేమో, అడగడానికి నాకెవరున్నారండీ?)

ప్రాక్టీసుకి రమ్మని గ్రూపులో పెడితే వచ్చింది నేనొక్కణ్ణే. గ్యారంటీ చెరువులో మేత వేసే పడవ ఎక్కి, జాకెట్ బిగించి తెడ్డు వేశాను. పడవ ముందుకెళ్లదే! ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఇంతలో చుట్టూ నీళ్లు కుతకుతలాడాయి. చూస్తే చేపలు, వందలకొద్దీ మూతులు. "పడవ కదిలితే మేత టైమనుకుంటాయండీ, ఖాళీ పడవతో వాటికి ఆశ పెట్టకండి!" అని గట్టు మీంచి గ్యారంటీ అరిచాడు. సిగ్గేసింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ ఊళ్లో నాకోసం అంతమంది ఎదురు రావడం అదే మొదలు.

అనుకున్న ఆదివారం తెల్లారకుండానే బ్యాగుతో బస్టాండు దగ్గర నిలబడ్డాను. మాట్లాడిన వ్యాను వచ్చింది, మనుషులే రాలేదు. ఆకాశం నిండా మబ్బు, ఆకు కదలటం లేదు. ఒక్కొక్కటిగా మెసేజీలు మొదలయ్యాయి: "సారీ అండీ, చేపలు తేలుతున్నాయండీ." అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. మబ్బు పట్టి గాలాడకపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ పూట ఏ చెరువు రైతూ గట్టు వదలడు. నేను చూడండి, ఏడాది మొత్తంలో ఏరి ఏరి మబ్బుల నెలలో పిలిచాను! ముహూర్తం వేళకి పెళ్లికొడుకుని సినిమాకి పిలిచినట్టు. "ఎంతమందండీ?" అన్నాడు డ్రైవరు. "ఒక్కణ్ణేనండీ" అన్నాను. గదికి వెళ్లబుద్ధి కాక, గ్యారంటీ చెరువు దగ్గర దింపమన్నాను.

నన్ను చూడగానే గ్యారంటీ, "రండి రండి! జాకెట్ ఉన్నోళ్లు పడవెక్కండి, ఈ ఆక్సిజన్ బిళ్లలు చల్లండి!" అని చేతిలో డబ్బా పెట్టాడు. ఎక్కాను. ఇటండీ, అటండీ, అయ్యో అటు కాదండీ అని కూలీలూ, పక్క చెరువులవాళ్లూ గట్టు గట్టంతా కేకలు. పడవ యథాప్రకారం గిరగిరా. అంతలో గాలీ వానా వచ్చి పడవ ఊగిపోయింది, నేను కెవ్వున అరిచాను, అందరూ పడీ పడీ నవ్వారు. గ్యారంటీ నడుంలోతు నీళ్లలోకి దిగి నా భుజం పట్టుకుని దింపాడు. చేపలు బతికాయి. ఎండొచ్చాక ఎవరిళ్లకి వాళ్లు అన్నాలకి వెళ్లారు. నేను తడి జాకెట్‌తో గదికెళ్లి ఫ్యాను వేసుకున్నాను.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. ఇక్కడా నేనూ, ఫ్యానూ. ఆ గ్రూపులో ఏళ్లుగా ఎవరూ ఏమీ రాయరు. మొన్న మబ్బు పట్టినప్పుడు ఉండబట్టలేక "చేపలెలా ఉన్నాయండీ?" అని పెట్టాను. నిమిషంలో గ్యారంటీ జవాబు: "తేలుతున్నాయండీ. జాకెట్ ఉందా?" అటక మీంచి దింపి తొడుక్కుంటే, పొట్ట దగ్గర జానెడు తక్కువైంది. అయినా విప్పబుద్ధి కాక, అలాగే కాసేపు కుర్చీలో కూర్చున్నాను.