పొగ పెట్టి పాఠం చెప్పిన రోజు

నిప్పు నుంచి ఇళ్ళను ఎలా కాపాడుకోవాలో నేర్పడానికి వెళ్ళి, నిక్షేపంగా ఉన్న ఇంటికి కప్పు లేకుండా చేసి వచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ముందు సిగ్గేస్తుంది, తర్వాత నవ్వొస్తుంది.

అప్పట్లో చీపురుపల్లి దగ్గర ఊళ్ళలో, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో పెద్దవాళ్ళకి నేర్పడం నా పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. విజయనగరం నుంచి మా పెద్దసారు వచ్చి, నా పాఠం చూసి, నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తానన్నారు. ఉద్యోగం వచ్చేసిందని మా చుట్టాలందరి దగ్గరా అప్పటికే కోతలు కోసేసి ఉన్నాను. ఇప్పుడు పోతే మొహం ఎక్కడ పెట్టుకోను?

మొదటి పాఠం తెర కట్టి బొమ్మలతో చెప్పాను. తాటాకిళ్ళ వీధి, ఎండాకాలం, భోజనాలయ్యాక. నాలుగు బొమ్మలు తిరిగేసరికి సగం మంది గుర్రు పెడుతున్నారు. మెలకువగా ఉన్న ఒకావిడ, గౌరమ్మ, చెయ్యెత్తితే సందేహమేమోనని సంబరపడ్డాను.

“పాపా, సినిమా ఎప్పుడేస్తావు?”

“సినిమా లేదమ్మా. ఇది పాఠం.”

“మరా గుడ్డ ఏటికి కట్టినావు?”

సారు ఎదుట ఇలాగే జరిగితే నా పని అయిపోయినట్టే. పద్ధతి మార్చాలని శిక్షణ పుస్తకం తిరగేశాను. పెద్దవాళ్ళు అనుభవం నుంచి నేర్చుకుంటారని అందులో ఉంది. నవ్వకండి, నాకు అర్థమైంది ఇదీ: పాపం వీళ్ళకి అనుభవం లేదు, దాన్ని నేనే తయారుచేసి వడ్డించాలి. ఎవరికీ చెప్పకుండా కాస్త పొగ పెడతాను. అందరూ కంగారుపడతారు. నేను హుందాగా వచ్చి వాళ్ళని వరసలో నిలబెట్టి, బిందెలు చేతులు మార్చుకోవడం నేర్పుతాను. సారు చప్పట్లు కొడతారు.

సారు వచ్చిన రోజు ఆయన్ని అదే వీధిలో ఉండే పైడమ్మత్త ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను మెల్లగా ఆ ఇంటి పెరటి వైపు జారుకుని, పాత ఇనప మూకుడులో తడిగడ్డి వేసి అంటించాను. పొగ ఎంత బ్రహ్మాండంగా లేచిందంటే నా మీద నాకే గౌరవం కలిగింది. వీధిలోకి పరిగెత్తి “నిప్పో, నిప్పో” అని అరిచాను.

ఒక్కరూ కంగారుపడలేదు. ఒక్కరూ నా వైపు చూడనూ లేదు. తాటాకిళ్ళ వీధిలో ఓ పద్ధతుంది. మంట ఒకచోట లేచిందంటే, గాలివాటున దగ్గరున్న ఇంటి కప్పు ముందు లాగేస్తారు, నిప్పు పాకకుండా. ఆ రోజు గాలి పైడమ్మత్త ఇంటి వైపు ఉంది.

“నాయుడు మావా, ఎక్కీయ్. ముందు సూరు లాగీయ్,” అని ఎవరో అన్నారు. పైడమ్మత్త భర్త అప్పలనాయుడు తన ఇంటి మీదకి తానే ఎక్కాడు. ఆయన వెనక మరో నలుగురు.

“మావా, ఆగండి, ఇది నిజం కాదు, ప్రాక్టీసు,” అని నేను గొంతు చించుకుంటున్నాను.

“పాపకి పొగ తలకెక్కీసినాది. అటు తీసుకెల్లండి,” అంది గౌరమ్మ. ఇద్దరాడవాళ్ళు నన్ను అమాంతం ఎత్తి బోరింగు దగ్గర కూలేసి, నెత్తిన బిందెడు నీళ్ళు పోశారు. ఆ నీళ్ళలోంచే చూశాను, కప్పు దభీమని అరుగు మీదకి, అక్కడే తెల్లబోయి నిలబడ్డ సారు మీదకి దిగడం. కాసేపటికి తాటాకుల్లోంచి సారు బయటికొచ్చారు, నెత్తినిండా పాత కప్పు మసితో, చేతిలో టీ గ్లాసుతో.

అప్పుడు పెరట్లో మూకుడు దొరికింది.

“ఈ గడ్డి ఎవులంటించినారు?” అన్నాడు అప్పలనాయుడు.

“నేనే మావా. మీకు నేర్పుదామని.”

పైడమ్మత్త తన ఇంటి నెత్తి మీద కనబడుతున్న ఆకాశం వంక చూసింది. ఉద్యోగం పోతే పోయింది, ఈవిడ ఇల్లేం కావాలి దేవుడా అనుకున్నాను.

పైడమ్మత్త నవ్వడం మొదలెట్టింది.

“ఆకు మార్సు, ఆకు మార్సు అని ఈ మనిసికి సెప్పి సెప్పి నా నోరు పడిపోనాది. ఎప్పుడడిగినా ఎల్లుండి సూద్దారంటాడు. ఏటి మావా, ఇప్పుడు సూస్తావా?”

నాయుడు మావ తల గోక్కున్నాడు. కొత్త తాటాకు పెరటి మూలనే ఎండుతోందట. హమ్మయ్య అని నేను ఆ బోరింగు బురదలోనే చతికిలబడ్డాను. లాగినవాళ్ళే మళ్ళీ ఎక్కారు. సారు కూడా చొక్కా చేతులు మడిచి ఆకు అందించారు. నేను తాళ్ళు అందించాను. పొద్దు వాలేసరికి ఇల్లు పెళ్ళికూతురిలా తయారైంది.

గౌరమ్మ దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చింది.

“పాపా, మా ఇంటికాడ ఎప్పుడంటిస్తావు?”

“ఒసే, ముందు మాది. మీ కప్పు ఇంకో ఏడాది ఆగుతాది,” అంది ఇంకొకావిడ. చూస్తూండగానే నా చుట్టూ జనం మూగారు. సినిమాకి కూడా అంతమంది రారు. సారు మసి తుడుచుకుంటూ అదంతా విని, నా దగ్గరికొచ్చి చెయ్యి చాపారు.

“అమ్మాయ్, ఉద్యోగంలో ఉండు. అగ్గిపెట్టె మాత్రం ఇలా ఇచ్చెయ్.”

ఇచ్చేశాను. అందుచేత పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా చేతి మీదుగా పొగ పుట్టదు. మా ఇంట్లో సాంబ్రాణి కూడా మా ఆయనే వేస్తాడు, అదీ వీధంతటికీ ముందు చెప్పి.