నిండు గ్లాసు టీ

బందరులో మా పాత ఆటోమేటిక్ కారు చూసే మెకానిక్‌ని మా ఆవిడ బాబాయ్‌గారు అని పిలిచేది. బానెట్ ఎత్తకముందే ఆయన నిండు గ్లాసు టీ పట్టుకుని ముందు సీట్లో కూర్చునేవారు.

మోకాలి నొప్పితో క్లచ్ తొక్కలేకపోతోందని ఆమె కోసమే ఆ కారు కొన్నాం. కొన్నాళ్లకే గేరు మారేటప్పుడు కుదపడం మొదలెట్టింది. గేర్‌బాక్స్ పోయింది, అమ్మేయమన్నారు అందరూ. అమ్మేస్తే ఎక్కడికెళ్లాలన్నా ఆమె మళ్లీ నన్ను బతిమాలుకోవాలి.

"మీరు నడపండమ్మా. ఎక్కడ కుదుపుతుందో టీ చెప్తుంది," అన్నారాయన.

మంగినపూడి రోడ్డులో, రెండో గేరు నుంచి మూడోదానికి మారగానే టీ ఆయన చొక్కా మీద పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

షెడ్డుకొచ్చి కారు కిందకి దూరి చూశారు. "గేర్‌బాక్స్ నిక్షేపంలా ఉందమ్మా. సీలు పోయి ఆయిల్ కారిపోతోంది, అంతే!"

సీలు మార్చి, ఆయిల్ పోసి, ఇంకో గ్లాసుతో బయల్దేరారు. ఈసారి చుక్క ఒలకలేదు. తిరిగొచ్చాక, చల్లారిపోయిన ఆ టీని తృప్తిగా తాగారు.

కిందటేడు ఆయన్ని అదే కారులో పెడనలో వాళ్లమ్మాయి ఇంటికి తీసుకెళ్తూ, దారిలో వేడి టీ ఇప్పించాను. కారు కదిలాక కూడా ఆయన తాగకుండా కప్పు వంకే చూస్తూ కూర్చున్నారు.

"కారు బాగానే ఉంది, తాగండి బాబాయ్‌గారూ," అంది మా ఆవిడ.

"పెడన రానివ్వండమ్మా," అన్నారు.